కూటముల బలాబలములు

ఈ యేడు ఆటల పందెములు ముగిసిన సాయంకాలమున మన పాఠశాల యాటస్థలములో రెండు వేరు వేరు బడుల బాలురు వాదులాడుకొనుచుండగా మేము వింటిమి. ఒకడు కొల్లేటి యొడ్డు పల్లెవాడు. రెండవవాడు గుడివాడ రోడ్డు ప్రక్క గ్రామమువాడు. చెడుగుడు పందెములకై చుట్టుపట్ల బడులను రెండు కూటములుగా విభజించి, ఒక్కొక్క కూటమిలో ఆరేసి జట్ల నుంచిరి. కొల్లేటి ప్రక్క బాలుని జట్టు తన కూటమిలో ఆడిన యైదు ఆటలును గెలిచినది. రోడ్డు ప్రక్క బాలుని జట్టు తన కూటమిలో మూడు గెలిచి రెండు ఓడినది. అయినను ఏలూరునకు పంపవలసిన ఉమ్మడి జట్టునకు మొదటి బడినుండి ఒక్కనిని, రెండవ బడినుండి ముగ్గురిని ఏరిరి.

"అయిదింటికి అయిదు గెలిచిన మాకు ఒక్క చోటు, మూడు గెలిచిన మీకు మూడు చోట్లా? ఇదెక్కడి న్యాయమురా?" అని వాడనెను.

"మీ కూటమి చవిటినేల. అక్కడ అయిదు గెలుచుటకంటె ఇక్కడ రెండు గెలుచుట కష్టము" అని వీడనెను.

"మా కూటమి తక్కువదని నీకెట్లు తెలియును? నీవెప్పుడైన వచ్చి ఆడితివా?"

ఈ మాటకు రెండవవాడు బదులు చెప్పలేకపోయెను. ప్రక్కనున్న మేమును వెంటనే చెప్పలేకపోతిమి. ఆ రాత్రి ఆలోచించినకొలదియు ఆ పల్లె బాలుని ప్రశ్న మిక్కిలి లోతైనదని తోచినది. ఒక పిల్లవాడు ఏలూరు పోవుటయు పోకుండుటయు దానిమీద నాధారపడియున్నది గదా. కావున విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగించునని దీనినిగూర్చి కొంత వ్రాయుచున్నాము.

మొదట లెక్క చూతము. ఆరు జట్లు ఒక్కొక్కటి మిగిలిన యైదింటితో ఒక్కొక్కసారి ఆడినచో మొత్తము ఆటలు 15. ప్రతి యాటలోను ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. కావున కూటమి మొత్తముమీద 15 గెలుపులు, 15 ఓటములు. ఆ ఆరు జట్లును దేశములో మేటివైనను, ఆరును నిన్న మొన్న ఆట నేర్చినవైనను, ఈ మొత్తములు మారవు. పాయింట్లు లెక్కించినను అంతియే. ఒకరికి వచ్చిన పాయింట్లన్నియు మరియొకరు ఇచ్చినవే; ఆధిక్యములను, లోట్లను కూడినచో సున్న మిగులును. "మా కూటమిలో ప్రతి యాటయు చివరి నిమిషమువరకు హోరాహోరిగ సాగినది, కావున మాది గట్టి కూటమి" యనువారు కలరు. అందరును సమానముగ గట్టివారైనను పోటీ హోరాహోరిగనే యుండును. అందరును సమానముగ బలహీనులైనను అట్లే యుండును. కూటమిలో లోపల జరిగిన యాటలు ఆ జట్లలో ఎవరెక్కువ, ఎవరు తక్కువ యని మాత్రమే చెప్పును. ఆ కూటమి ప్రక్క కూటమికంటె ఎక్కువయో తక్కువయో వేయి యాటలాడినను చెప్పజాలవు.

మన ముదినేపల్లి ప్రాంతమున చేపల చెరువులకు కొదువ లేదు. ఒక చెరువులో పాతిన కొలకఱ్ఱ అయిదడుగుల నీరు చూపును. గట్టున కావలి చెరువులోని కఱ్ఱ నాలుగడుగులు చూపును. ఏ చెరువు నీటిమట్టము ఎత్తు? కఱ్ఱలను ఎంతసేపు చూచినను తెలియదు, ఏలయన ఒక్కొక్క కఱ్ఱ తన చెరువు అడుగునుండి కొలుచుచున్నది. నడిమి గట్టునకు తూము తీసిచూడుడు. నీరు ఎటు పారునో చూచిన చిన్న పిల్లవాడును చెప్పగలడు. కూటముల నడుమ జరిగెడి యాటలే అట్టి తూములు. వానిని మేమిక్కడ వారధి ఆటలని పిలుతుము.

ఈ విచారమును మిక్కిలి పట్టుదలతో చేసినవారు అమెరికావారు. వారిచే దీనిని చేయించినది బాస్కెట్‌బాలు. ఆ యాటను 1891 డిసెంబరులో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగుఫీల్డులో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణాలయమున జేమ్సు నైస్మిత్తు అను నుపాధ్యాయుడు కల్పించెను. పీచుపండ్ల బుట్టలను గోడకు కొట్టి అందులో బంతి వేయించెను. ఆ స్ప్రింగుఫీల్డులోనే చదివిన హారీ క్రో బక్కు 1920లో మదరాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. కావున మిషను పాఠశాలల వారికి ఈ యాట పరాయిది కాదు.

అమెరికాలో మొదటి శ్రేణి కళాశాలలు 350కి పైగా కలవు. ఇన్ని జట్లు ఒకదానితో నొకటి ఆడుట అసంభవము. కావున అవి కూటములుగా ఏర్పడినవి. 2024-25లో 31 కూటములు. ధనమును పేరును గల పెద్ద కూటములు నాలుగైదు మాత్రమే. వానికి దిగువను, అట్టడుగు వానికి ఎగువను ఉన్న మిస్సోరి వ్యాలీ, వెస్టు కోస్టు వంటి వానిని వాడుకలో మిడ్ మేజరు కూటములందురు. 2011 మొదలు జాతీయ పోటీకి 68 జట్లను పిలుచుచు వచ్చిరి. ప్రతి కూటమి విజేతకును ఒక చోటు నిశ్చయము. మిగిలిన చోట్లను ఒక సంఘమువారు తమ విచక్షణచే పంచుదురు. మధ్యతరగతి కూటమిలోని రెండవ జట్టు పెద్ద కూటమిలోని ఆరవ జట్టుకంటె మేలా కాదా? ఏటేట మార్చి నెలలో వారి తగవు ఇదియే. మన ఆటస్థలములో ఆ ఇరువురు బాలుర తగవునకును దీనికిని భేద మేమియు లేదు.

ఒక్క యుదాహరణము చెప్పెదము. 2024లో ఇండియానా స్టేటు జట్టు మిస్సోరి వ్యాలీ కూటమిలో అగ్రస్థానమున నిలిచినది. అయినను ఆ కూటమి విజేతను నిర్ణయించెడి చివరి పోటీలో డ్రేకు జట్టుచే ఓడినది. అప్పటికి 28 గెలుపులు, 6 ఓటములు. సంఘమువారు దానిని పిలువలేదు. అంతకు ముందు సంవత్సరము, 2023లో, ఫెయిర్లీ డికిన్సను అను చిన్న జట్టు తన కూటమి తుది పోటీలో ఒక్క పాయింటుతో ఓడియు, గెలిచిన జట్టునకు అప్పటికి అర్హత లేకపోవుటచే మాత్రమే జాతీయ పోటీలో ప్రవేశించినది. ప్రవేశించి, అగ్రశ్రేణిలో నుంచబడిన పర్డ్యూ జట్టును 63-58తో ఓడించినది! దీనినిబట్టి ఆ చిన్న కూటమి పెద్ద కూటములతో సమానమని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఒక్క రాత్రి ఒక్క తూమున నీరు ఎదురు పారినది, అంతియే. గాలి విసురునకు గూడ అట్లు జరుగును.

అమెరికావారు ఈ చిక్కును విప్పుటకు 1981 నుండి 2018 వరకు ఒక సూత్రమును వాడిరి. జట్టు స్వంత గెలుపుల పాలునకు నూటికి 25 వంతులు. ఆ జట్టు ఎదుర్కొన్న జట్ల గెలుపుల పాలునకు 50 వంతులు. ఆ జట్లు ఎదుర్కొన్న జట్ల గెలుపులకు 25 వంతులు. అనగా నీవెందరిని గెలిచితివను దానికంటె ఎవరితో ఆడితివను దానికి రెట్టింపు విలువ. తరువాత 2018-19 నుండి ఎక్కడ ఆడిరి, ఎంత నేర్పుగ పాయింట్లు సంపాదించిరి యనువానినిగూడ చేర్చి క్రొత్త లెక్క పెట్టిరి. లెక్క యెట్టిదైనను దాని కాధారము నవంబరు, డిసెంబరు నెలలలో కూటముల నడుమ జరుగు వారధి ఆటలే. జనవరినుండి ఎవరి కూటమిలో వారాడుకొందురు. అప్పుడు ఆ కూటమికి ముందే దొరికిన గౌరవమును లోపలివారు పంచుకొనుటయే గాని దానిని పెంచుకొనుట దాదాపు లేదు. ఇంకొక చిక్కు కూడ కలదు. పెద్ద కళాశాలలు చిన్న వానికి సొమ్మిచ్చి తమ యాటస్థలమునకు పిలిపించుకొనును. తాము వారి యూరికి పోవుట అరుదు. తూము తీయుట ఒకరి యిష్టముననే, ఒకరి గట్టుననే జరిగినచో దాని సాక్ష్యమును కొంత తగ్గించి పుచ్చుకొనవలెను.

ఇక మన యింటికి వత్తము. ఈ ప్రశ్న క్రికెట్టులో మన తెలుగు జట్ల విషయమునను పుట్టినది.

రంజీ ట్రోఫీ 1934-35లో ఆరంభమైనది. హైదరాబాదు 1937-38లోనే దానిని గెలిచినది. ఆంధ్ర జట్టు 1953-54లో ప్రవేశించినది. ఆ సంవత్సరము సి. కె. నాయుడు మన పక్షమున ఆడెను. దేశమును మండలములుగా విభజించిరి. హైదరాబాదు, ఆంధ్ర, మదరాసు, మైసూరు, కేరళ జట్లు దక్షిణ మండలమువి. 1957-58 నుండి మండలములలో ప్రతి జట్టును మిగిలిన వానితో ఆడు పద్ధతి వచ్చినది. 1970-71కి ముందు మండలమునకు ఒక్క జట్టే పై పోటీలకు పోయెడిది.

ఆ కాలమున బొంబాయి 1958-59 మొదలు 1972-73 వరకు వరుసగా 15 సార్లు గెలిచెను. 1960-61 నుండి 1969-70 వరకు పదేండ్లలో రాజస్థాను ఏడుసార్లు తుది పోటీకి వచ్చి ఏడుసార్లును బొంబాయిచే ఓడెను. అదే పదేండ్లలో హైదరాబాదు ఒక్కసారి, 1964-65లో, తుది పోటీకి వచ్చెను. ఏడునకు ఒకటి! కావున రాజస్థాను హైదరాబాదునకు ఏడు రెట్లు మేలని చెప్పుదమా? హైదరాబాదు తన మండలమును దాటవలెనన్న మదరాసును మైసూరును రెంటిని దాటవలెను. ఏటేట ఆ మూటిలో ఒకటియే బయటపడెడిది. రాజస్థాను దాటవలసిన గట్టు వేరు. మండలమునుండి వచ్చిన విజేతను చూచితిమే గాని, లోపల చిక్కుపడినవారి బలమును కొలిచినవారు లేరు.

1970-71లో మండలమునకు రెండు జట్లను రానిచ్చిరి. ఆ మొదటి సంవత్సరమే ఏమైనది? తుది పోటీలో బొంబాయికెదురుగ నిలిచినది మహారాష్ట్ర. రెండును పశ్చిమ మండలమువే! రెండవ జట్టునకు త్రోవలేని యేండ్లలో ఇట్టి జట్లు మరి యెన్ని ఇంట కూర్చున్నవో యను సందేహము మాకు కలుగుచున్నది. అయినను ఒక యేటి ఫలితముపై పెద్ద మేడ కట్టరాదు. తరువాతి రెండేండ్ల తుది పోటీలలో బొంబాయిని ఎదుర్కొన్నవి బెంగాలు, తమిళనాడు.

హైదరాబాదు పక్షమున మరియొక సాక్ష్యము కలదు. 1971లో వెస్టిండీసునకు పోయి గెలిచి వచ్చిన భారత బృందములో జయసింహ, ఆబిద్ అలీ, జయంతీలాలు, గోవిందరాజు, కృష్ణమూర్తి యని అయిదుగురు హైదరాబాదు ఆటగాండ్రే. ఆ తరమువారు రంజీ ట్రోఫీని ఒక్కసారియు గెలువలేదు. హైదరాబాదునకు రెండవ విజయము 1986-87లోగాని లభింపలేదు. బహుమానముల బీరువాను చూచి బలమును నిర్ణయించువారు ఈ యైదుగురి మాట తలంపవలెను.

మండలములకు వారధి ఆటలు లేకపోలేదు. 1961-62లో దులీప్ ట్రోఫీ ఆరంభమైనది. అందు మండలములే జట్లుగా ఒకదానితో నొకటి ఆడును. మొదటి యేడు పశ్చిమ మండలము గెలిచెను. 1965-66లో దక్షిణ మండలము గెలిచెను. దీనిచే మన ప్రశ్న తీరినదా? సగమే తీరినది. అక్కడ ఆడినది మండలమందలి మేటి పదునొకండుగురు. వారిలో నధికులు రెండు మూడు బలమైన జట్లవారు. దక్షిణ మండలము గెలిచిన యేడు ఆంధ్ర జట్టునకు గాని కేరళ జట్టునకు గాని ఒక్క పరుగు బలము పెరుగలేదు. కూటమి యొక్క శిఖరము వేరు, నడుము వేరు. రెండు తాటిచెట్ల పొడవును పోల్చి, రెండు తోపుల పొడవు చెప్పరాదు.

2002-03లో మండలములను తీసివేసి ఎలీటు, ప్లేటు అని రెండు తరగతు లేర్పరచిరి. మెరక, పల్లము అని ముందే పేరు పెట్టినట్లయినది. అయినను తూములు కొంతకాలము తెరచియే యుంచిరి. ప్లేటులో మేటి జట్లు పై పోటీలకు రావచ్చును. 2010 నవంబరులో జయపురమున ప్లేటు తరగతిలోనున్న హైదరాబాదు, అదే తరగతిలోని రాజస్థానుచేత 21 పరుగులకు అందరు నౌటైరి. మొదటిసారిగా రంజీ ఆడుచున్న దీపక్ చాహరు 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీసెను. రంజీ చరిత్రలో అంత తక్కువ స్కోరు లేదు. "క్రింది తరగతివారు, వారిలో వారు కొట్టుకొన్న యాట" అని పెద్దలు నవ్విరేమో! ఆ రాజస్థానే పైకి వచ్చి ముంబయిని, తమిళనాడును దాటి, తుది పోటీలో బరోడాను మించి, ఆ సంవత్సరపు రంజీ ట్రోఫీని పట్టుకొనిపోయెను. మరుసటి యేడును పట్టెను. కావున 21 పరుగుల యాటను ఇప్పుడు మరల చదివినచో దాని యర్థము మారుచున్నది. హైదరాబాదు చెడుగా ఆడినది నిజమే. కాని ఎదుటివారు ఆ యేటి దేశవిజేతలు.

ఎదురు సాక్ష్యమును దాచుట పాడి గాదు. 2018-19లో తొమ్మిది క్రొత్త జట్లను చేర్చి ప్లేటులో నుంచిరి. ఆ యేటి ప్లేటు అగ్రగామి ఉత్తరాఖండు క్వార్టరు ఫైనలులో విదర్భచే ఒక ఇన్నింగ్సు 115 పరుగుల తేడాతో ఓడెను. మరుసటి యేడు గోవా అట్లే వచ్చి గుజరాతుచే 464 పరుగుల తేడాతో ఓడెను. 2022 మార్చిలో కలకత్తాయందు నాగాలాండుపై ఝార్ఖండు 880 పరుగులు చేసి, వారిని 289కి నిలిపి, మరల 417 చేసి, మొత్తము 1008 పరుగుల ఆధిక్యముతో ఆట చాలించినది. మూడు తూములు తీయగా మూటను నీరు ఒక్క దిక్కుననే, అదియు వరదవలె పారినది. ఇది చాలు సాక్ష్యము. 2010 నాటి ప్లేటును 2018 తరువాతి ప్లేటును పేరొకటే యని ఒక్కటిగా నెంచరాదు. లోపలి జట్లు మారినవి.

ఇప్పుడు 2023-24 సంవత్సరము చూడుడు. హైదరాబాదు ప్లేటులోనికి దిగెను. ఆంధ్ర ఎలీటులో నుండెను. 2024 జనవరిలో అరుణాచల ప్రదేశముపై హైదరాబాదు ఆటగాడు తన్మయ్ అగర్వాలు 181 బంతులలో 366 పరుగులు చేసెను. అందు మొదటి 300 కేవలము 147 బంతులలో వచ్చినవి. ప్రపంచమున మొదటి శ్రేణి క్రికెట్టులో అంత వేగముగ మూడువందలు చేసినవారు లేరు. హైదరాబాదు ఓటమి యెరుగక ప్లేటు గెలిచెను. ఆంధ్ర జట్టు క్వార్టరు ఫైనలులో మధ్యప్రదేశముచే నాలుగే పరుగులతో ఓడెను. అన్నియు గెలిచిన హైదరాబాదు మేలా, నాలుగు పరుగులతో ఓడిన ఆంధ్ర మేలా? ఆ యేడు రెండు తరగతులకు వారధి ఆట ఒక్కటియు లేదు. 2022-23 నుండి ప్లేటు విజేతకు ఆ యేటి పై పోటీలో చోటు తీసివేసి, మరుసటి యేడు పై తరగతిలో చేర్చుకొనుచున్నారు. 1008 పరుగుల యాటను చూచినవారు అట్లు చేసిరన్న తప్పు పట్టలేము. అయినను తూము ఏడాది ఆలస్యముగ తెరచుటచే అప్పటికి ఆటగాండ్రు మారుదురు, వయస్సు మారును. మా మట్టుకు, ఏటికొక్క ఆటయైనను ఉంచియుండవలసినదని తోచుచున్నది. పై తరగతికి వచ్చిన హైదరాబాదు 2024 నవంబరులో స్వస్థలమున ఆంధ్రతో ఆడెను. దీనిని ఒక్క సాక్షిగా వ్రాసికొనుడు, తీర్పుగా వ్రాసికొనకుడు.

తన్మయుని 366 పరుగులను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. బంతి యెవరు వేసినను 26 సిక్సర్లు కొట్టుటకు భుజబలమును చూపును కావలెను. ఏ ఆటగాడును తన కూటమిని తాను ఏరుకొనడు. అందుచేతనే ఏరువారు అతని యంకెను అట్లే పుచ్చుకొనుటయు, "ప్లేటులోనిది గదా" యని పారవేయుటయు రెండును తగవు.

ఇక మన బాలుర తగవు. మరునాడు ఆ రెండు బడుల వ్యాయామోపాధ్యాయుల పుస్తకములు తెప్పించి, రెండు కూటముల నడుమ ఈ యేడు జరిగిన స్నేహపు ఆటలను వెదకితిమి. నాలుగే దొరికినవి. కొల్లేటి ప్రక్క విజేత జట్టు రోడ్డు ప్రక్క కూటమిలో రెండవ జట్టుతో వారి యూరనే ఆడి రెండు పాయింట్లతో ఓడినది. అయిదవ జట్టును తన యూర పదునొకండు పాయింట్లతో గెలిచినది. మిగిలిన రెండాటలలో కొల్లేటి ప్రక్క నాలుగవ, ఆరవ జట్లు పెద్ద తేడాతో ఓడినవి. పరాయి యూర రెండు పాయింట్ల ఓటమి యనగా సమానమని చెప్పుటకు మేము వెనుదీయము. అనగా ఆ పల్లె జట్టు, రోడ్డు ప్రక్క రెండవ మూడవ జట్లకు తీసిపోదు. "మా కూటమి తక్కువది కాదు" అని ఆ బాలుడనినది నిలువదు; దాని నడుమును అడుగును మెత్తనివే. "మా జట్టు తక్కువది కాదు" అని యనియున్నచో నిలిచెడిది. ఒక్క చోటు ఇచ్చుట అన్యాయము. నాలుగు అడుగుట అత్యాశ. రెండు గాని మూడు గాని న్యాయము.

ఈ మాట ఏరిన పెద్దలకు మనవి చేసితిమి. ఈ యేటి పట్టిక ముందే పంపబడినందున మార్చుటకు వీలులేదనిరి. రాబోవు సంవత్సరము పందెములకు ముందు ఒక శనివారము రెండు కూటములలోని మొదటివారు మొదటివారితో, మూడవవారు మూడవవారితో, అయిదవవారు అయిదవవారితో మన పాఠశాల యాటస్థలమున ఆడుటకు ఒప్పుకొనిరి. గీతలు గీయుట, పాయింట్లు వ్రాయుట మన పై తరగతి విద్యార్థుల పని. పుస్తకములో ఆట జరిగిన యూరును, తేడాను మరువక వ్రాయవలెను.